ఆరని నేల

కింద డ్రైక్లీనింగ్ షాపుకి తాళం పడి వారం దాటినా, పైన పిల్లలు నిద్రపోయే గదిలో గాలి మీటరు ఎర్రరంగు దిగలేదు.

ముక్కమ్మ దాన్ని ఆపి మళ్ళీ వేసింది. అప్పటికీ ఎరుపే. కిటికీ తెరిచి చెయ్యి బయటికి చాపింది. బయటి గాలి తగలగానే మీటరు బుద్ధిమంతుడిలా పచ్చరంగులోకి వచ్చింది. చెయ్యి లోపలికి తీసుకుని కిటికీ మూసింది. కాసేపు పచ్చ, తర్వాత పసుపు, ఆపైన మళ్ళీ ఎరుపు. అంటే జ్వరం థర్మామీటరుకి కాదు, గదికే.

ఆమె గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయింది.

ఈ గొడవ పోయిన వారంతోనే తీరిపోయిందని అందరూ అనుకున్నారు. అక్క నడిపే ఈ డే కేర్‌లో పిల్లలకి తలనొప్పులు, కళ్ళమంటలు మొదలయ్యాయి. మధ్యాహ్నం నిద్ర లేచేసరికి ఒకరి తర్వాత ఒకరు దగ్గేవాళ్ళు. చివరికి అక్క కూతురు, ఇంటిల్లిపాదీ 'పిచ్చుక' అని పిలుచుకునే ఐదేళ్ళ పిల్ల, ఊపిరాడక ఆసుపత్రిలో చేరింది. తల్లిదండ్రులు గుమ్మం ముందు గుమిగూడి 'మా పిల్లల చేత ఏం పీల్పిస్తున్నారు' అని నిలదీశారు. భవనాల్లో గాలి పరీక్షించడం ముక్కమ్మ వృత్తి. మీటరు పట్టుకుని వచ్చి, గదిలో రసాయనాలు ఉన్న మాట నిజమేనని తేల్చింది. రసాయనాలంటే కింద బట్టలు శుభ్రం చేసే మందు కాక మరేమిటి అన్న మాట గుంపులోంచి వచ్చింది. మెట్ల దగ్గర ఆ మందు వాసన కాస్త ఉంది కూడా. ముక్కమ్మ కూడా 'అయి ఉండొచ్చు' అని తలూపింది. ఆ తలూపుకే షాపుకి సీలు పడింది. రేపు పొద్దున డే కేర్ మళ్ళీ తెరుస్తున్నారు.

తెరిస్తే అందరికంటే ముందు వచ్చేది పిచ్చుకే. ఆసుపత్రి మంచం మీద నుంచే అది అక్కకి ఆజ్ఞలు జారీ చేస్తోంది, తన పరుపు ఇంకెవరికీ ఇవ్వొద్దని.

ముక్కమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. చిన్నప్పుడు హాల్లో కూర్చునే వంటింట్లో పాలు అడుగంటబోతున్నాయని చెప్పేది. నాన్న జేబులో సిగరెట్టు పెట్టె ఉందో లేదో గుమ్మంలోనే పసిగట్టి అమ్మకి మోసేది. ఆ ముక్కే తర్వాత బతుకుతెరువైంది. అలాంటి ముక్కు పోయిన వారం నలుగురితో నారాయణ అనేసింది. అది తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతున్నాయి.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మీటరును కిందికి, నేలకి జానెడు ఎత్తుకి దించింది. రంగు ఇంకా ముదిరింది. నీలం రంగు వినైల్ షీటు, దాని మీద తెల్లటి మబ్బులు. పిల్లలు పల్చటి పరుపులు పరుచుకుని ఈ మబ్బుల మీదే పడుకుంటారు. వాళ్ళ ముక్కులు ఉండే ఎత్తు ఇదే.

"కిటికీ తెరిచి మూశావంటే కంపు ఇంకా పోలేదన్నమాట."

గుమ్మం బయట డ్రైక్లీనింగ్ షాపాయన నిలబడి ఉన్నాడు. ఈ భవనంలో చిన్నాపెద్దా అందరికీ ఆయన బాబాయే. షాపు లేకపోయినా అలవాటు చొప్పున రోజూ వచ్చి మెట్ల మీద కూర్చుని పోతున్నాడు.

"లోపలికి రండి బాబాయ్."

"నేను రానమ్మా. నా చొక్కాకి నా షాపు వాసన ఉంటుంది. రేపు ఏ పిల్లాడు తుమ్మినా చొక్కాకి కూడా సీలు వేస్తారు."

ముక్కమ్మకి నవ్వు రాలేదు. లేచి నిలబడి, "మీటరు ఇంకా ఎర్రగానే ఉంది బాబాయ్," అంది.

ఆయన చేతిలో ఉన్న రుమాలు నాలుగు మడతలు పెట్టాడు. అది ఇస్త్రీ చేసినట్టు కుదిరింది.

"నా మిషన్లు ఆగి వారమైంది. మరి మందు ఎక్కడి నుంచి వస్తోందంటావ్? నేను ఇంట్లో కూర్చుని మనసులో ఉతుకుతున్నానా?"

"మీది కాదు బాబాయ్. నేను తొందరపడ్డాను."

"పడ్డావ్." ఆయన గొంతులో కోపం లేదు. అదే ఆమెకి కష్టంగా అనిపించింది. "ముప్పై మంది తల్లిదండ్రులు కలిసి నా మీదికి వస్తే ఒక్కరైనా 'ఆగండి, చూద్దాం' అంటారేమో అని నీ మొహం వంక చూశాను. సరేలే, అయిందేదో అయింది. వచ్చేది ఎక్కడి నుంచో పట్టుకో. నాది షాపే పోయింది. రేపు వచ్చేవాళ్ళకి పోవడానికి షాపులు లేవు, ఊపిరే ఉంది."

అని మెట్లు దిగిపోయాడు.

ముక్కమ్మ వంటగదిలోకి వెళ్ళింది. పెద్ద గాజు గిన్నె ఒకటి దొరికింది. పిల్లలు బొమ్మలు చేసుకునే బంకమట్టి డబ్బా ఒకటి తెచ్చుకుంది. పద్ధతి తేలికే. గదిలో గాలి కలగాపులగంగా ఉంటుంది, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో దానికే తెలియదు. అందుకని ఒక్కో చోటును గిన్నెతో మూసి, లోపల మీటరు పెట్టి, అంచుల చుట్టూ బంకమట్టి అదిమి, ఆ చోటు ఒక్కటే ఊపిరి వదిలేలా చేయాలి. దొంగని పట్టడానికి ఇంట్లో వాళ్ళందరినీ ఒక్కొక్కరినే గదిలో కూర్చోబెట్టి అడిగినట్టు.

ముందు గిన్నెను, మట్టిని అద్దం మీద పరీక్షించింది. పచ్చగానే ఉంది. వాటి తప్పు లేదు. గోడకి అదిమి పట్టుకుంది, చేతులు లాగేదాకా. పచ్చే. బొమ్మల అలమారా కొంచెం పసుపు తిరిగింది కానీ అంతకు మించి పోలేదు. అప్పుడు గిన్నెను నేల మీద, పిచ్చుక పరుపు వేసుకునే చోట బోర్లించింది.

మట్టి అదమడం పూర్తి కాకముందే గాజులోంచి ఎరుపు కనిపించింది.

నేలే. అంతా నేలే.

గిన్నెను జరిపింది. ఎరుపు. తలుపు దగ్గర ఎరుపు. గది మధ్యలో ఎరుపు. పిల్లల బూట్ల బల్ల కింద ఎరుపు. ప్రతి చోటా కొత్త మట్టి, కొత్తగా గాలి మార్చడం, మళ్ళీ ఎదురుచూడడం. చివరికి కిటికీ కింద మూలకి వచ్చింది. గిన్నె బోర్లించి, మట్టి అదిమి, గోడకి చేరగిలబడి చూస్తూ కూర్చుంది.

పచ్చ.

మీటరు పాడైందేమో అనుకుంది. గిన్నెను మూర దూరం పక్కకి జరిపింది. ఎరుపు. మళ్ళీ వెనక్కి తెచ్చింది. పచ్చ.

గదంతా కుళ్ళిన నేలలో ఒక్క గిన్నెడు చోటు మాత్రం ఆరోగ్యంగా ఉంది. ఎంతసేపు చూసినా ఆమెకి అది అర్థం కాలేదు. జబ్బు ఒక చోట ఉండి మిగతా అంతా బాగుంటే అర్థం చేసుకోవచ్చు. ఆరోగ్యం ఒక్క చోటే ఉండటమేమిటి?

"ఏం ముక్కమ్మా, నేలకి స్నానం చేయిస్తున్నావా, చుట్టూ మట్టి పూసి?"

బావ లోపలికి వచ్చాడు. ఒక చంకలో గాలి శుభ్రం చేసే యంత్రం డబ్బా, రెండో చేతిలో మొక్కల కుండీ. ఆరడుగుల మనిషి, తలుపు కింద ఎప్పుడూ కాస్త వంగే వస్తాడు. భవనాల్లో నేలలు వేయించే కాంట్రాక్టు అతనిది. ఈ మబ్బుల నేల కూడా అతనే దగ్గరుండి వేయించాడు. భార్య డే కేర్‌కి కానుక అని.

"మొక్కలెందుకు బావా?"

"గాలి శుభ్రం చేస్తాయట. తల్లిదండ్రుల గ్రూపులో ఎవరో పెట్టారు. రేపు వాళ్ళ కళ్ళకి నాలుగు ఆకులు కనబడితే సగం దగ్గు తగ్గిపోతుంది." కుండీ కిటికీ గట్టు మీద పెట్టాడు. "యంత్రం మాత్రం నిజంగానే పనిచేస్తుంది. ఇదిగో, పెద్దది తెచ్చాను. నీ మీటరు దీన్ని చూసి సిగ్గుపడాలి."

"వేయండి చూద్దాం."

వేశాడు. యంత్రం బుసలు కొట్టింది. గాలిలో ఎత్తుగా పట్టుకున్న మీటరు కొంచెం మెత్తబడి పసుపు వైపు తిరిగింది. బావ మొహం విప్పారింది. ముక్కమ్మ మీటరును పిల్లల ముక్కుల ఎత్తుకి దించింది. ఎరుపు.

"కారుతున్న పైపు కింద గుడ్డ పెట్టి తుడిచినట్టుంది ఇది," అంది. "పైపు కట్టకుండా ఎన్ని గుడ్డలు పెడతాం? వచ్చేది నేలలోంచి బావా. చూశాను. అంతా చూశాను."

"నేలలోంచా?" బావ నవ్వాడు. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. "పిచ్చిదానా, అది పిల్లల గదుల కోసమని ప్రత్యేకంగా తెప్పించిన షీటు. వాసన రాదని కంపెనీ వాళ్ళు పూచీ పడ్డారు. వచ్చేది కింద నుంచి. ఆయన ఏళ్ళ తరబడి వాడిన మందు శ్లాబులోకి ఇంకిపోయి ఉంటుంది. తాళం వేసినంత మాత్రాన ఇంకింది ఇగురుతుందా?"

ఆ మాట తీసిపారేసేది కాదు. ముక్కమ్మ ఒక క్షణం ఆలోచించింది. అలా అయినా కావచ్చు. అలా అయితే బాగుండును కూడా. అప్పుడు ఆమె తలూపింది తప్పు కాదు, బావ వేసిన నేల తప్పు కాదు, తప్పంతా ఎవరికీ ఏమీ కాని మనిషిది. అలా అయితే ఎంత హాయి. ఆ హాయే ఆమెకి నచ్చలేదు.

"ఇంకితే శ్లాబంతా ఇంకాలిగా," అంది. "మరి ఈ మూల ఎందుకు వదిలేసింది?"

గాజు గిన్నె చూపించింది. లోపల మీటరు పచ్చగా మెరుస్తోంది.

బావ చూశాడు. చూసిన వాడు దగ్గరికి రాలేదు. ఎప్పుడూ కొత్త వస్తువేదైనా కనబడితే చేతిలోకి తీసుకుని తిప్పి చూడందే ఊరుకోని మనిషి. పిచ్చుక బొమ్మల్లో సగం అతని చేతిలోనే విరిగాయి. ఆ మనిషి ఇప్పుడు దూరంగా, యంత్రం వైరు సర్దుతూ నిలబడ్డాడు.

"మీటరులో ఏదో తేడా."

"నా మీటరులో తేడా, కంపెనీ షీటు మాత్రం బంగారం. బాగుంది బావా. మరదలి మాటకి ఇంట్లో ఎంత విలువో తెలుస్తోంది."

"నీ మాటకి విలువ లేక కాదు తల్లీ. రేపు పిల్లలొస్తారు. ఇవాళ నేల గురించి రాద్ధాంతం దేనికి? సెలవులు రానీ. మొత్తం లేపేసి కొత్తది వేయిస్తాను. నా మాట నమ్ము."

"లేపాల్సిన అవసరం ఉందని మీకెందుకు అనిపించింది? తప్పు శ్లాబుది అన్నారుగా."

బావ వంగి యంత్రం వేగం ఇంకాస్త పెంచాడు.

ముక్కమ్మ గిన్నె పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. బావతో వాదించడం ఆమెకి చిన్నప్పటి ఆట. అక్క పెళ్ళిచూపుల రోజే 'అబ్బాయికి తలుపులు ఎత్తు పెంచాలేమో' అని అందరి ముందూ అనేసింది. అతనూ ఊరుకోలేదు, 'ముందు నీ నోటికి తలుపు పెట్టించాలి' అన్నాడు. అప్పటి నుంచి ఇద్దరికీ ఒకరి మాటకి ఒకరు ఎదురు చెప్పందే తోచదు. ఇవాళ మాత్రం అతను వేళాకోళం ఆడుతూనే తన కళ్ళలోకి చూడడం లేదు.

"షీటు మంచిదే అయి ఉంటుంది బావా. ఆ మాట నేను కాదనను. కానీ మంచి షీటైనా, చదును కోసం కొత్తగా కాంక్రీటు పోసిన శ్లాబు ఆరకముందే వేస్తే ఏమవుతుందో తెలుసా? కాంక్రీటు తడి మామూలు తడి కాదు, సున్నపు తడి. అది పైన ఉన్న జిగురుని తినేస్తుంది. జిగురు కుళ్ళుతుంది. కుళ్ళి కొత్త రసాయనాలు వదులుతుంది. పైన షీటు గట్టిగా ఉంది కాబట్టి తడి బయటికి పోలేదు. వాసన మాత్రం అతుకుల్లోంచి, అంచుల్లోంచి కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది. గది వేడెక్కితే ఇంకా ఎక్కువ. పిల్లలు నిద్రపోయేటప్పుడు కిటికీలు మూసి పరదాలు వేస్తారు కదా, అప్పుడు ఇంకా ఎక్కువ."

"శ్లాబు ఆరింది."

"ఆరిందని ఎలా తెలుసు?"

"ప్లాస్టిక్ పరీక్ష చేశాం. నీ అక్క ఎదురుగా, అనుమతి ఇచ్చే ఆఫీసరు ఎదురుగా. శ్లాబు మీద ప్లాస్టిక్ కాగితం పరిచి నాలుగు పక్కలా టేపు వేశాం. మర్నాడు తీసి చూస్తే కాగితం అడుగున ఒక్క చుక్క చెమట లేదు. తడి ఉంటే చెమట పట్టేది. ఇది నీకూ తెలిసిన పరీక్షే."

"తెలుసు. మంచి పరీక్ష. కాగితం ఎక్కడ పరిచారు?"

బావ యంత్రం డబ్బా మూత మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"ఎక్కడ పరిచారు బావా?"

"గుర్తు లేదు."

ముక్కమ్మ లేచి, తన సంచీలోంచి కత్తి తీసింది. బావ రెండంగల్లో వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు. కానీ వదల్లేదు కూడా.

"కొయ్యకు. రేపు వాళ్ళకి ఏం చూపిస్తాం, చీలిన నేలా? నీ అక్క ఎంత కష్టపడి తెరిపిస్తోందో నీకు తెలియదా?"

"అక్క కష్టం తెలుసు. పిచ్చుక రొప్పడం కూడా చూశాను. మీరూ చూశారు. పక్కటెముకలు లోపలికి పోతుంటే మీరే కదా ఎత్తుకుని పరిగెత్తారు." ఆమె గొంతు పెరగలేదు. "రేపు అది మళ్ళీ ఇక్కడే పడుకుంటుంది బావా. వదలండి."

అతని వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి.

ముక్కమ్మ గిన్నె పక్కకి నెట్టి, పచ్చ చూపిన చోటు నుంచి ఎరుపు చూపిన చోటు దాకా ఒక్క గీత కోసింది. అడ్డంగా ఇంకొకటి. అంచులోకి కత్తి దూర్చి షీటు పైకి లేపింది. మామూలుగా అయితే జిగురు గట్టిగా పట్టుకుని పెచ్చులుగా ఊడాలి. ఇది బెల్లం పాకంలా తీగలు సాగుతూ వచ్చింది. దాంతోపాటే వాసన. తియ్యగా మొదలై, ముక్కు చివర సూదిలా గుచ్చి, కళ్ళలోకి ఎక్కేసే వాసన. ఇన్నాళ్ళూ గదిలో నీళ్ళు కలిపిన పాలలా పల్చగా తిరిగిన వాసన ఇప్పుడు చిక్కగా మొహాన కొట్టింది. ఆమె మొహం తిప్పుకుని దగ్గింది. బావ వెళ్ళి కిటికీలన్నీ తెరిచాడు. చెప్పకుండానే తెరిచాడు.

కళ్ళు తుడుచుకుని ముక్కమ్మ మళ్ళీ చూసింది. శ్లాబు నల్లగా, చెమటపట్టిన వీపులా ఉంది. వేలు పెడితే తడి. అలాగే షీటు లాగుతూ మూలకి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అక్కడి నుంచి జిగురు రాయిలా గట్టిపడి ఉంది. షీటు ఇక రానంది. బలంగా లాగితే చిరిగింది. చిరిగిన చోట శ్లాబు అద్దంలా మెరిసింది.

ఎవరో కొలిచి గీసి పూసినట్టు, సరిగ్గా చదరంగా, తడిని పైకి రానివ్వని ఎపాక్సీ పూత. ఒక ప్లాస్టిక్ కాగితం పట్టేంత చదరం.

ఆమెకి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. అర్థమయ్యాక నమ్మడానికి పట్టింది.

"చెమట ఎందుకు పడుతుంది," అంది మెల్లగా. "కింద తడి కదలకుండా మూతేసి, ఆ మూత మీద కాగితం అంటించి చూస్తే చెమట ఎందుకు పడుతుంది?"

బావ కిటికీ దగ్గరే, అటు తిరిగి నిలబడ్డాడు. "మేస్త్రీ పని," అన్నాడు. "వాడికి తొందరెక్కువ. నాకు తెలియకుండా చేసి ఉంటాడు. రేపే పిలిపించి తోలు ఒలిచేస్తాను."

"కాగితం ఎక్కడ అంటిస్తారో మేస్త్రీకి ముందే ఎలా తెలుసు?"

"ఏదో ఒక చోట అంటిస్తారని..."

"ఇంత పెద్ద గదిలో ఏదో ఒక చోటు సరిగ్గా ఇదే అయిందా? ఇక్కడ అంటించండి అని చూపించింది ఎవరు బావా?"

అతను ఏదో అనబోయాడు. ఇంతలో ముక్కమ్మ ఫోను మోగింది. అక్క. చేతులకి జిగురు అంటి ఉండటంతో ముక్కమ్మ మోచేత్తో స్పీకరు నొక్కి ఫోను కిటికీ గట్టు మీద, మొక్కల కుండీ పక్కన పెట్టింది.

"ఏమే, ఎక్కడున్నావ్?" అక్క గొంతులో వారం రోజులుగా లేని తేలిక వినిపించింది. "గాలి సర్దుకుందా అక్కడ? మీ బావ వచ్చాడా?"

"ఇక్కడే ఉన్నారు. పిచ్చుక ఎలా ఉంది అక్కా?"

"దానికేం, రాణీగారు. పొద్దుట్నుంచి ఒక్కసారి కూడా మాస్కు పెట్టాల్సిన పని రాలేదు. డాక్టరుగారు కూడా మెచ్చుకున్నారు. ఆ పాత వార్డులో చుట్టూ దగ్గులే కదా, ఇంకేదైనా అంటుకుంటుందని ఆయనే మాట్లాడి గది మార్పించారు. కొత్త బ్లాకు ఉంది చూడు, పిల్లల కోసమే కట్టారే, అందులోకి. కట్టాక ఇన్ని నెలలూ తాళం వేసే ఉంచారట, ఈ వారమే తెరిచారు. గది ఎంత బాగుందనుకున్నావ్. కిటికీలు తెరవనే అక్కర్లేదు, అంతా ఏసీ. నేల మీద రంగురంగుల చేపలు. ఇది మంచం దిగి చేపల మీదే కూర్చుంటానని ఒకటే గొడవ. సరేలెమ్మని దుప్పటి పరిస్తే, చేపలు లెక్కపెడుతూ అలాగే నిద్రపోయింది. మాటలకి లేస్తుందని తలుపు దగ్గరగా వేసి వరండాలోకి వచ్చాను." అక్క నవ్వింది. "ఇంకో మాట తెలుసా, ఆ నేల మీ బావ వేయించిందే. ఇందాక నర్సుకి కూడా చెప్పాను, మా ఆయన చేతి పని అని."

ముక్కమ్మ చేతిలోంచి షీటు ముక్క జారింది.

తల తిప్పి చూసింది. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. కిటికీ ఊచ వదిలాడు. ఒక అడుగు వేసి ఫోను దగ్గరికి వచ్చి, దాన్ని ముట్టుకోకుండా దాని మీదికి వంగాడు.

"తలుపు తెరువు," అన్నాడు.

"ఏవండీ, మీరా? ఎందుకు?"

"ముందు తలుపు తెరువు. దాన్ని ఎత్తుకుని బయటికి తీసుకురా. ఆ బ్లాకులోంచే బయటికి వచ్చెయ్. చెట్ల కిందికి, రోడ్డు మీదికి, ఎక్కడికైనా సరే."

"ఇప్పుడే కదండీ ఊపిరి సర్దుకుంది. నిద్రలో కదపొద్దని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. మీ కంగారు మీరూను. నేను లేపను."

"నా మాట విను."

"ఎందుకో చెప్పండి, వింటాను. ఊరికే లేపమంటే ఎలా లేపుతాను? దాని అవస్థ వారం రోజులుగా నేను చూస్తున్నాను, మీరు కాదు."

బావ ముక్కమ్మ వంక చూశాడు. తన బదులు చెప్పమని అడుగుతున్నట్టుంది ఆ చూపు. ముక్కమ్మ నోరు తెరవలేదు. అతను లేపిన షీటు పక్కన, ఆ తడి శ్లాబు మీదే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కూర్చున్నా ఆ మనిషి తల కిటికీ గట్టు దాకా వచ్చింది. ఫోనుకి సరిగ్గా ఎదురుగా.

"సరే, చెబుతాను. మధ్యలో అడ్డురాకు, అడ్డొస్తే ఆగిపోతాను. బాబాయ్ షాపులో ఏ తప్పూ లేదు. విషం మన నేలలోంచే వస్తోంది. శ్లాబు తడిగా ఉందని నాకు ముందే తెలుసు. నీకు అనుమతి గడువు దాటిపోతోంది, నువ్వు రాత్రిళ్ళు లేచి కూర్చుంటున్నావ్, అది చూడలేక చేశానని నాకు నేను చెప్పుకున్నాను. పరీక్షకి ముందు రోజు కిటికీ కింద చదరం గీసి ఎపాక్సీ పూశాను. మేస్త్రీ కాదు, నేనే, నా చేత్తోనే. మర్నాడు ఆఫీసరుకి అక్కడే కాగితం అంటించమని చూపించాను. తడి దానంతటదే ఆరిపోతుందిలే అనుకున్నాను. ఒట్టు, జిగురు కుళ్ళి పిల్లల్ని తింటుందని నాకు తెలియదు. పిచ్చుక దగ్గడం మొదలుపెట్టాక తెలిసింది. తెలిసి కూడా, గుంపులో బాబాయ్ షాపు పేరెత్తింది నేనే. నువ్వు నా కళ్ళలోకి చూసి ఏడుస్తుంటే కూడా చెప్పలేదు. వింటున్నావా? విను, ఇంకా ఉంది. నేను ఈ పని మొదట చేసింది మన గదిలో కాదు. మొదట చేసింది నువ్వు నిలబడ్డ ఆ బ్లాకులో. ఆసుపత్రి వాళ్ళు ఆగలేమన్నారు. శ్లాబు పోసిన తడి ఆరకుండానే చేపలు అంటించేశాను. గదికో చదరం పూశాను, ప్రతి గదిలోనూ తలుపు పక్కన, చెయ్యి తిరిగిపోయింది. అవి కిటికీలు తెరవని గదులు. ఇన్ని నెలలూ తాళాలు వేసి ఉన్నాయి. ఆ గదిలో తడి పైకి రాని చోటు ఆ చదరం ఒక్కటే. మిగతా నేలంతా నేను చంపిన నేలే, నా పిల్ల దాని మీద నిద్రపోతోంది. ఇప్పుడైనా తలుపు తెరువు."